మేళం కింద గొంతు

"ఆ గొంతు బయటికి తియ్యి. లేకపోతే నీ గొంతు బయటికొస్తుంది," అన్నాడు పెద్దన్న.

సౌండ్ మాస్టారు ముక్కులోంచి కారే నెత్తురు చొక్కాకి తుడుచుకుని మౌస్ పట్టుకున్నాడు. పాటలోంచి డ్రమ్ముల్నీ గిటారునీ దేనికది విడదీసివ్వడం ఆయన పని. అలాంటి పెద్దమనిషిని జుట్టు పట్టుకుని, కంప్యూటర్‌తో సహా పెద్దన్న ఇంటి హాల్లోకి ఈడ్చుకొచ్చారు.

పెద్దన్న తమ్ముణ్ణి, అందరూ బొంగరం అని పిలిచేవాణ్ణి, పాత వంతెన మీద నరికేశారు. నరికినవాళ్లలో ఒకడు దొరికాడు. ముందురోజు విందులో మీ బల్ల దగ్గరే ఎవడో తాగి వాగితే విన్నామన్నాడు. ఎవడో చెప్పేలోపు పెద్దన్న చెయ్యి కాస్త జోరుగా పడింది. వాడు పోయాడు. ఇక మిగిలింది విందు వీడియో. అందులో చూద్దామంటే జనం వీపులు, విందామంటే బ్యాండు హోరు.

మాస్టారు డ్రమ్ములు లాగి పక్కన పెట్టాడు. తర్వాత బాకా. తర్వాత గిటారు. ఒక్కో వాయిద్యం ఊడుతుంటే అడుగున ఉన్న గొంతు పైకి తేలుతోంది. హెడ్‌ఫోన్‌లో అది వినగానే ఆయన మొహంలో చుక్క నెత్తురు లేదు.

"అన్నా, మిషన్ సరిగ్గా పట్టట్లేదు. వదిలేద్దాం."

పెద్దన్న కత్తి పిడితో ఆయన ఎడమచేతి మీద ఒక్కటిచ్చాడు. చిటికెన వేలు విరిగిన చప్పుడు అందరికీ విడిగానే వినబడింది. దానికి ఏ మిషనూ అక్కర్లేకపోయింది.

"స్పీకర్లో పెట్టు."

పెట్టాడు.

"బొంగరం రేపు పాత వంతెన మీదుగా వస్తాడ్రా! ఒక్కడే వస్తాడు! మనవాడికి భయమంటే తెలీదు!"

అనుచరులు ముగ్గురూ నేల చూపులు చూశారు.

"ఎవడ్రా వీడు? ఈ పీల గొంతు నేనెప్పుడూ వినలేదే! మీకు తెలుసా?"

"తెలీదన్నా."

"పక్కనే కూర్చుని తాగారు కదరా!"

మొదటివాణ్ణి గోడకేసి కొడితే రెండు పళ్లు సోఫా కిందికి దొర్లాయి. రెండోవాడి చెవి సగం వేలాడింది. మూడోవాడు తనే వచ్చి మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"చంపెయ్యన్నా. నేను మాత్రం చెప్పలేను."

పెద్దన్న వాడి మెడ మీద కత్తి పెట్టి ఇల్లదిరేలా అరిచాడు.

"ఎవతి కన్నదిరా ఈ ద్రోహిని?"

చిన్నకొడుకు శవం లేచిననాటి నుంచి గది దాటని ముసలి తల్లి గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "నేనేరా పెద్దోడా, అది నీ గొంతే," అంది.