అక్క పళ్లెం

“నా బిడ్డ సచ్చిందని నా నోటితోని అనిపియ్యాలె. గంతేనా నీ పత్రికకు కావల్సింది?”

ఎడ్ల కచ్చురం దిగుతూనే లీలాబాయి అల్లుణ్ని అడిగింది.

శ్రీధర్‌రావు నవ్వాడు. “ముందుగాల కాళ్లు కడుక్కోండ్రి అత్తమ్మా. మీ బిడ్డనే మాట్లాడతది. మీరు ఇనుండ్రి.”

సుల్తానాబాద్ పోస్టాఫీసుకు వచ్చే ఉత్తరాల్లో సగం శ్రీధర్‌రావువే. వారపత్రికలో ‘పోయినవారి పలుకు’ శీర్షిక ఆయనదే. ఒకప్పుడు ఆయన ఏం రాసి పంపినా తిరుగుటపాలో వచ్చేది. గోదావరి పుష్కరాలతో రాత మారింది. ధర్మపురిలో మునకకు దిగిన తారాబాయి మళ్లీ పైకి రాలేదని ఆయనే ఏడుస్తూ వచ్చి చెప్పాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు, పోయిన భార్య ఆత్మ ఇంటికి తిరిగొచ్చిందని రాశాడు. ఆ వ్యాసంతో పత్రికలవాళ్లే ఆయన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఇప్పుడు హైదరాబాద్‌లో సభలు, పూలదండలు.

నది ఒడ్డున చీర దొరికింది. మనిషి దొరకలేదు.

అందుకే లీలాబాయి కూతురికి పిండం పెట్టనివ్వలేదు. ఏటి వెంట ఊరూరూ తిరిగింది. ఎక్కడో ఒడ్డుకు పడి, మతి తప్పి, ఎవరింట్లోనో అంట్లు తోముకుంటూ బతికే ఉందని ఆమె నమ్మకం. ప్రతి బతుకమ్మకూ కూతురి పేరున ఒక చీర కొని పెట్టెలో దాచేది. పెద్దపల్లి నుంచి బయలుదేరేటప్పుడు అందులోంచి ఒకటి తీసి సంచిలో పెట్టుకుంది. ఎందుకో ఆమెకే తెలియదు.

తారాబాయికి పిల్లల్లేరు. శ్రీధర్‌రావు రెండో పెళ్లి మాటెత్తితే అప్పట్లో లీలాబాయి పదిమందిలో గడ్డి పెట్టింది. పుష్కరాలైన ఏడాదిలోపే నర్మద ఆ ఇంటికి కోడలై వచ్చింది. ఆమె మెడలో సవతి పేరున వెండిబిళ్ల వేలాడుతుంది. తాను తినేముందు మొదటి ఆమెకు పళ్లెం పెట్టడం ఆచారం. నర్మద ఆ పళ్లెం పెరటి చివరన ఉన్న వడ్ల కొట్టులో పెట్టి వస్తుంది. మళ్లీ వెళ్లేసరికి అది ఖాళీ. దీని మీద శ్రీధర్‌రావు వారాల తరబడి రాశాడు. కొట్టులోంచి ఏడుపు వినిపిస్తోందని పనివాళ్లు భయపడి మానేస్తే, దాని మీదా రాశాడు.

ఇక మిగిలింది కన్నతల్లి మాటే. తల్లి కూడా ఒప్పుకుందంటే ఆయన్ను కాదనే మొనగాడు ఉండడు.

లీలాబాయి చాప మీద కూర్చుంది. నర్మదను ఎగాదిగా చూసింది.

“మీ అక్క మస్తుగ తింటదట గద! పాణం లేనోళ్లకు గంత ఆకలా? పళ్లెం నాకేది ఎలుకనా, నువ్వా?”

నర్మద తల వంచుకుంది. “అక్కనే అవ్వా.”

“అడుగుండ్రి అత్తమ్మా,” అన్నాడు శ్రీధర్‌రావు. “మీకూ ఆమెకూ తప్ప ఎవ్వలకు తెల్వనిది అడుగుండ్రి. అన్నం ముట్టినంకనే జవాబు జెప్తది.”

లీలాబాయి ఆలోచించుకునే వచ్చింది. “అప్పగింతలైనంక బండెక్కేటప్పుడు దాని చేతుల నేనేం పెట్టిన?”

శ్రీధర్‌రావు కనుసైగ చేశాడు. నర్మద అన్నం, పప్పుచారు, ఇంత తొక్కు వేసుకొని పెరట్లోకి వెళ్లింది. ఎంతకూ రాలేదు.

“దొరకదు తియ్యి,” అంది లీలాబాయి. ఆమె ముఖంలో చాలాకాలానికి ఒక వెలుగు. “బంగారమంటది. లేకుంటె కుంకుమ బరిణె అంటది. నా బిడ్డ యాడనో సల్లగున్నది. ఊకె పరేషాన్ గాకు.”

నర్మద ఖాళీ పళ్లెంతో వచ్చింది. పీట మీద కూర్చుంది. జుట్టు విప్పింది. ఒళ్లు ఊగింది. గొంతు మారింది.

“నువ్వేం పెట్టలే అవ్వా. నా చేతిలున్న తునికిపండు గుంజుకున్నవ్. దొరల బిడ్డవు, నలుగురి ముంగట గిదేందే అని నీ కొంగుతోని నా మూతి తుడిసినవ్. గా ఎంగిలి పండు నువ్వే తిన్నవ్. తినుకుంట ఏడ్సినవ్.”

లీలాబాయి తన కొంగు అంచు పట్టుకొని చూసుకుంది. ఆ పండు సంగతి ఆమె కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు.

“సచ్చిపోయినవా బిడ్డా,” అంది. “నిజంగనే సచ్చిపోయినవా.”

 పీట మీది మనిషి కళ్లలోంచి నీళ్లు కారాయి. పూనకంలో కన్నీళ్లు రావడం శ్రీధర్‌రావు చూడడం ఇదే మొదటిసారి. రాసుకున్నాడు.

లీలాబాయి ఆ ఇంట్లో అన్నం ముట్టలేదు. వెళ్లేముందు సంచిలోంచి చీర తీసి నర్మద చేతుల్లో పెట్టింది.

“ఇగ నాకు బిడ్డవు నువ్వే. రేపే ధర్మపురి పోయి దానికి పిండం పెట్టిస్త. మళ్ల గీ ఇంటి మొకం జూడ.” అల్లుడి వైపు తిరిగింది. “రాసుకో. తల్లి ఒప్పుకున్నదని రాసుకో.”

కచ్చురం మలుపు తిరిగేదాకా శ్రీధర్‌రావు చేతులు జోడించి నిలబడ్డాడు. తర్వాత లోపలికి వెళ్లి కలం అందుకున్నాడు.

పొద్దుగూకింది. నర్మద కొత్త చీరను మడత విప్పకుండా దండెం మీద వేసింది. పళ్లెంలో అన్నం పెట్టుకొని వెళ్లి కొట్టు తాళం తీసింది.

“తునికిపండు ముచ్చట ఇన్నంక నేను బతికున్నట్టు మా అవ్వకు సమజైంది గద చెల్లే,” అంది చీకట్లోంచి తారాబాయి, “మరి ఇంకా లోపలికి రాలేదేంది?”