అబద్ధమాడని పెన్ను

బట్టలు కుట్టే గదిలో స్విచ్‌బోర్డు పగిలింది. మార్చడానికి దర్జీ మెయిన్ దించాడు. దించేముందే, కరెంటుంటే కీచుమనే కొత్త టెస్టర్ పెన్నును వంటింట్లో వెలుగుతున్న లైటు వైరు దగ్గర పెట్టి చూశాడు. కీచుమంది. పెన్ను బతికే ఉందన్నమాట.

"ఫ్రిజ్ ఆగిపోయింది. పాలు విరిగితే నన్ననకండి," వంటింట్లోంచి భార్య అరిచింది. "మెయిన్ దించారుగా, ఇంకా ఆ పెన్నుతో ఏం రాస్తారు?"

"ఇది నోరు మూసుకుంటేగాని నేను చెయ్యి పెట్టనే. పెళ్ళినాడు ఇంత జాగ్రత్త పడుంటే బాగుండేది!"

బోర్డు మూత ఊడదీసి, వైరుకు తగలకుండా పెన్నును దగ్గరికి జరిపాడు.

కీచుమంది.

మళ్ళీ పెట్టాడు. మళ్ళీ కీచుమంది. ఆ వైరు గోడలోంచి అటు, గడియారాల బావ ఇంట్లోకి పోతోంది!

గడియారాలు బాగుచేసే పక్కింటాయన నిజానికి బావేమీ కాదు. ఒకే గోడకు చెరోవైపు కాపురం పెట్టి, కలుపుకున్న వరస. ఇవతలాయనకు పొలమారితే అవతలాయన మంచినీళ్ళు తాగేవాడు. అంత స్నేహం.

"బావా బావా అంటూనే నా ఇంటికి కన్నం వేశావురా!"

బావ కోసం కుడుతున్న కోటు మిషన్ మీదే ఉంది. కత్తెర తీసి దాని ఎడమ చెయ్యి కరకరా కోసేశాడు. కళ్ళు చెమర్చాయి. తెగిన దారప్పోగులు గాలికి లేచి మీసాలకు అంటుకున్నాయి.

కేకలకు గడియారాల బావ పరుగెత్తుకొచ్చాడు. కంటికి భూతద్దం అలాగే ఉంది.

"ఏమైంది బావా?"

"బావా గీవా అన్నావంటే ఊరుకోను! నా కరెంటు మీ ఇంట్లోకి పారుతోంది. ఇదిగో, సాక్ష్యం!"

పెన్ను కీచుమంది.

గడియారాల బావ తెగిపడిన కోటు చెయ్యి వంక చూశాడు. తర్వాత భూతద్దం తీసి పైకి చూశాడు.

"మీ ఇంటి మెయిన్ దించావా?"

"ఎప్పుడో దించా! ఏం, మొహం అలా పాలిపోయిందే?"

"అయితే ఉండు. మాది కూడా దించేస్తా."

కోటు చెయ్యి ఏరుకుని వెళ్ళిపోయాడు.

"చూశావటే, దొంగ ఎలా జారుకున్నాడో!" అన్నాడు దర్జీ, వంటింటివైపు తిరిగి.

గోడ అవతల టక్కుమంది.

దర్జీ నెత్తిమీద అంతసేపూ గిరగిరా తిరుగుతున్న ఫ్యాను మెల్లగా ఆగిపోయింది.