కేరియర్ కింది గిన్నె

"ఆంటీ, టిఫిన్ కేరియర్లో కఫం తెచ్చారా?"

ల్యాబ్ కౌంటర్ వెనక మనోజ్ చాచిన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నిన్నటిదాకా అన్నం కేరియరే నాయనా. ఇంక ఈ పనికే. అన్నానికి కొత్తది కొనుక్కుంటాను, అది నా బాధ," అంటూ అప్పలనర్సమ్మ కింది గిన్నె మూత తీసింది. ఐసు ముక్కల మధ్య ప్లాస్టిక్ సంచి, అందులో సీలు వేసిన చిన్న డబ్బా, హెల్త్ సెంటర్ వాళ్ళ ఫారం. "సూడు, ఐసైనా పూర్తిగా కరగలేదు."

ఆమె భర్త బంగార్రాజు కట్నీ లైనులో, అడవి మధ్య చిన్న స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. రోజూ ఇక్కడ బిలాస్‌పూర్ నుంచి పాసింజరులో అన్నం వెళ్తుంది. మర్నాడు పొద్దుటి బండిలో ఖాళీ కేరియర్ తిరిగొస్తుంది. ఇవాళ మాత్రం ఖాళీగా రాలేదు.

మనోజ్ ఫారం మీది నంబరు కంప్యూటర్లో కొట్టాడు. తెలుగువాడే గాని, మాట మాటకీ హిందీ దొర్లుతుంది.

"రాంప్రసాద్... టీబీ టెస్టు. అరే, ఇది మూడోసారి. మొదటి శాంపిల్ దార్లో కారిపోయింది, రిజెక్ట్. రెండోది ఆలస్యంగా వచ్చి పాడైపోయింది, రిజెక్ట్."

"అందుకే ఈసారి నేను తెచ్చినాను."

"అలా కుదరదు ఆంటీ. హెల్త్ సెంటర్ బండిలోనే రావాలి. రూల్ హై."

"మీ బండి ఎన్నాళ్ళకొకపాలి వస్తాది?"

"పది రోజులకి. డ్రైవర్ ఉంటే."

"మా బండి రోజూ వస్తాది బాబూ. లేటైనా వస్తాది."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మనోజ్‌కీ నవ్వొచ్చింది కాని, గడియారం వైపు చూపించాడు. ఒంటిగంట దాటింది. "టైం కూడా అయిపోయింది. వాపసు తీసుకెళ్ళండి. బండి వచ్చినప్పుడు చూద్దాం."

అప్పలనర్సమ్మ కదల్లేదు. పొద్దున ఫోన్లో భర్త చెప్పిందంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది.

"మూణ్ణెల్లనుంచి దగ్గుతున్నాడు. సిరప్పు తాగమన్నారు, తాగినాడు. బొగ్గు దుమ్మన్నారు, మూతికి గుడ్డ కట్టినాడు. నిన్న నెత్తురు పడింది. పక్కనే ఇద్దరు పసిగుంటలు పడుకుంటన్నారు. మళ్ళీ పది రోజులంటే ఏటైపోవాల? ఆల్లకీ అంటుకుంటే ఎవులు జవాబు సెప్తారు, నీ రూలు సెప్తాదా?"

మనోజ్ తల గోక్కున్నాడు. గొంతు తగ్గించాడు.

"ఒక దారుంది. ఇంటివాళ్ళయితే శాంపిల్ చేతికిచ్చినా తీసుకోవచ్చు. మీరు రాంప్రసాద్‌కి ఏమవుతారు?"

అప్పలనర్సమ్మ గిన్నెలోకి చూసింది. ఐసు నీళ్ళవుతోంది.

"తల్లిని."

"మరి ముందే చెప్పొచ్చు కదా! ఎక్కడుంటాడు?"

"తండ్రి దగ్గిరే."

"వయసెంత?"

"కాయితం మీద రాసుంది కదా. తల్లికి కొడుకెప్పుడూ పసోడే."

మనోజ్ ఫారం మీది వయసు చూశాడు. సగమైనా నెరవని ఆమె జుట్టు చూశాడు. మళ్ళీ ఫారం చూశాడు. ఇంకేమీ అడగలేదు.

"ఫోన్ నంబరు?"

ఆమె తన నంబరు చెప్పింది. ముద్ర పడింది. డబ్బా లోపలికి వెళ్ళింది.

"వెళ్ళి అన్నం తినండి ఆంటీ. మెషీన్‌కి రెండు గంటలు పడుతుంది."

"తింటాన్లే, బేగి కానీ."

ఎక్కడికీ వెళ్ళలేదు. ఖాళీ కేరియర్ ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా బెంచీ మీద కూర్చుంది. లోపల తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడింది. నాలుగోసారి లేచినప్పుడు మనోజే బయటికొచ్చాడు.

"పాజిటివ్, ఆంటీ. టీబీయే."

ఆమె చెయ్యి కేరియర్ పిడిని గట్టిగా పట్టుకుంది.

"గాబరా పడకండి. మామూలు మందులకి లొంగే రకమే. ఆరు నెలలు మానకుండా వేసుకుంటే నయమైపోతుంది. రిపోర్టు హెల్త్ సెంటర్‌కి పంపేశాను. రేపట్నుంచే మందు మొదలు. పిల్లల్ని కూడా రేపే చూస్తారు, నేను ఫోన్లో చెప్పాను. మూణ్ణెల్లు మావాళ్ళు తేల్చలేనిది మీ కేరియర్ ఒక్కపూటలో తేల్చేసింది. అలాంటి శాంపిల్స్ అక్కడ ఇంకా ఉన్నాయా?"

"నాకేటి తెలుసు? ఉంటే పంపమంటాను. మద్దెనున్న రెండు గిన్నెలూ ఖాళీయే కదా," అంది అప్పలనర్సమ్మ. "ఇరవయ్యారేళ్ళయింది. వాన రానీ, వరద రానీ, మా కేరియర్ ఒక్కరోజు బండి తప్పలేదు. మాది రైల్వే, బాబూ."

మనోజ్ ముందు నడిచి ఆమెకి బయటి తలుపు తీసిపట్టుకున్నాడు. అధికారులకి తప్ప ఇంకెవరికీ అతను ఆ తలుపు తీసిపట్టుకోగా అక్కడివాళ్ళు చూడలేదు.

ఆమె తల ఎత్తుకుని మెట్లు దిగింది. గేటు దగ్గర ఆగి బంగార్రాజుకి ఫోన్ చేసింది.

"తీసుకున్నారేటే?" మొదటి రింగుకే ఎత్తాడు.

"తీసుకోకేం! ఎవులు తెచ్చినారనుకున్నారు? జబ్బు బయటపడింది. మందుకి లొంగిపోతాదంట. రేపే మొదలు. పసిగుంటల్ని కూడా సూస్తారంట."

అవతల ఎక్కడో గూడ్సు బండి కూత వినబడింది.

"గట్టిదానివే నర్సమ్మా," అన్నాడు బంగార్రాజు. "పొద్దున్న బండికి సిగ్నల్ పడిపోతాందని నీకు సరిగ్గా సెప్పనైనా లేదు. ఏటి సెప్పి ఒప్పించినావే ఆల్లని?"

"ఏటి సెప్తాను? నా కొడుకని సెప్పీసినాను," అంది అప్పలనర్సమ్మ. "ఇంతకీ ఆ రాంప్రసాద్ ఎవులండీ?"