వంటిల్లు ఎటు?

గాల్వే పట్టణంలోని తన ఇంట్లో, భార్య నోరా శవపేటిక పక్కన నిలబడి, వచ్చినవాళ్లందరితో చేతులు కలుపుతున్నాడు రిటైరైన హైకోర్టు జడ్జి ఫింటన్. వరసలో డెర్వ్లా ఎదురుకాగానే ఆయన చెయ్యి ఆగిపోయింది. ఆమె కొడుక్కి శిక్ష వేసింది తనే. ఆ పిల్లాడు జైల్లోనే పోయాడు.

"నువ్వు... మా ఇంటికొచ్చావా తల్లీ?"

"మీకోసం కాదులెండి జడ్జిగారూ! మావాడు పోయిననాడు మీ ఆవిడ తెల్లవార్లూ మా ఇంట్లోనే ఉంది. వచ్చినవాళ్లందరికీ టీలు తనే కాచింది."

"ఆ రాత్రి తన చెల్లెలికి బాగాలేదని కదా వెళ్లింది!"

"మీకు చెప్పొద్దంది. 'మనిషి మెత్తన. తెలిస్తే ఇక ఆ జడ్జి కుర్చీలో కూర్చోలేడు' అంది."

ఆ మెత్తదనాన్ని ఇన్నేళ్లూ నోరాకి కూడా తెలియకుండా దాచాననుకున్నాడాయన.

డెర్వ్లా కోటు విప్పి జాకెట్టు చేతులు పైకి మడుచుకుంది.

"వంటిల్లు ఎటు? ఇవాళ టీ నేను కాస్తా."

చూపించబోయిన చేత్తోనే ఆయన ముఖం కప్పుకున్నాడు.