రెండో సావుకారి మనిషి

కారు దిగినాయన ముందుగాల పిల్లగాని మోకాళ్లు ఒత్తి చూసిండు.

తర్వాత చేతులు చాపమన్నడు. వెనక్కి తిప్పి వీపు తట్టిండు.

సంతల కోడెను చూసినట్లు చూసిండు. పండ్లొక్కటే చూడలే.

"వయసెంత?"

"పదిహేను నిండలే సార్," అన్నడు తండ్రి కురుమూర్తి.

"మంచిది. ముదిరినంక ఎవనికి కావాలె? ఇప్పుడు పెద్దోళ్ల టీముల గూడ పిల్లలనే అడుగుతున్నరు. ఎంత పసోడైతే అంత గిరాకి."

ఆ మాటకు ఎవ్వరికీ రోత పుట్టలే. అందరూ నవ్విన్రు.

పిల్లగాని పేరు మధు. అప్పుడే ఆరడుగులు దాటిండు. గద్వాల ఇస్కూలు గ్రౌండుల బాస్కెట్‌బాల్ ఆడుతుంటే తొవ్వన పోయేటోళ్లు నిలబడి చూసేది. ఆట అయినంక వచ్చి తండ్రి పక్కన మగ్గం గుంతల కాళ్లు పెట్టి కూసునేటోడు. గద్వాల చీరెకు అంచు కలపాలంటే ఇద్దరుండాలె.

కారాయన పేరు రాఘవేంద్ర. హైదరాబాదుల ఒక కంపెనీ టీముకు పిల్లలను తెచ్చిపెడ్తడు.

"తిండి వాళ్లదే. చదువు వాళ్లదే. నెలనెల జీతం. సోమారం వస్త, తయారుగుండున్రి," అని పోయిండు.

తెల్లారి బస్సు దిగి ఒక ముసలాయన వచ్చిండు. ధోతి, చంకల గుడ్డసంచి. మగ్గం కాడ నిలబడ్డడు.

"నిన్న కారొచ్చిందా తమ్మీ?"

"వచ్చింది. నువ్వెవరు?"

"గోపాలయ్య అంటరు. మాది వీపనగండ్ల. పిల్లగాన్ని తోలకు."

కురుమూర్తి నేసుడు ఆపిండు.

"ఎందుకట?"

"బొక్కలు ముదరలే. పెద్దోళ్లతోని ఆడిపిస్తరు. నొప్పంటే మోకాలుకు సూదేస్తరు. సూదేసి మళ్ల ఆడిపిస్తరు. రెండేండ్లు ఇంటికాడనే ఆడనియ్యి. అటెంక పోనియ్యి."

"నీకెట్ల తెలుసు?"

ముసలాయన నేల చూసిండు.

"తెలుసు."

కురుమూర్తి నవ్విండు. గిసుంటోళ్లను ఆయన పుట్టినకాడికెల్లి చూస్తుండు. మగ్గాల గల్లీల ఒక సావుకారి నేతగానికి నూలు పోసిండంటే, తెల్లారి ఇంకొకడు వస్తడు. మొదటోడు మోసగాడంటడు. జర ఆగమంటడు. ఆ వచ్చినోడు రెండో సావుకారి మనిషని గల్లీల చిన్నపిల్లలకు గూడ తెలుసు.

"ఏ టీమోళ్లు పంపిన్రు నిన్ను?"

"ఎవ్వరు పంపలే."

"సరే, నువ్వెంతిస్తవో చెప్పు."

"నా కాడ ఏముంది తమ్మీ."

"చేతిల పైస లేదు, బేరానికొచ్చిండు!" లోపల్నుంచి మధు తల్లి జానకమ్మ నవ్వింది.

సోమారం పొద్దుగాల ముసలాయన మళ్ల వచ్చిండు. ఈసారి కురుమూర్తితో మాట్లాడలే. సక్కగ పోయి మధు చెయ్యి పట్టుకున్నడు.

"బిడ్డా, నీ కాలు నీది. సూది వద్దను. కొట్టినా వద్దను."

"నా కొడుకును ముట్టకు!" అని జానకమ్మ బియ్యం కడిగిన నీళ్లు ఆయన మొఖాన కొట్టింది.

గల్లీ అంత నవ్వింది. ముసలాయన తువ్వాలతో మొఖం తుడుచుకున్నడు.

అంతల కారు హారను ఇనబడ్డది. ఆయన గబగబ పక్క గల్లీలకు తప్పుకున్నడు.

"చూసిన్రా, దొంగ!" అన్నడు కురుమూర్తి.

మధు కారెక్కిండు.

నాలుగు నెలలకు పేపర్ల ఫోటో పడ్డది. పసివయసులనే పెద్దోళ్లతో ఆడుతుండని రాసిన్రు. కురుమూర్తి గల్లీల మిఠాయి పంచిండు. తిన్నోళ్లందరూ మూతి తుడుచుకుంట, మా పిల్లగాన్ని గూడ చూడమని చెప్పుమన్నరు.

మరుసటేడు ఎండకాలంల మధు బస్సుల వచ్చిండు. కారు రాలే.

కుడి మోకాలు కుండ లెక్క ఉబ్బింది.

"ఎన్ని సూదులేసిన్రు బిడ్డా?"

"లెక్క పెట్టలే నాయినా. ఆటకు ముందల ఏసేటోళ్లు. అప్పుడు నొప్పి తెల్వకపోయేది."

కర్నూలు దవాఖానల డాక్టరు ఫోటో తీసి చూసిండు. ఇగ ఆట మాట మరిచిపొమ్మన్నడు.

కాలు వంగకపాయె. మగ్గం గుంతల దిగరాకపాయె.

కురుమూర్తి ఫోను మీద ఫోను కొట్టిండు. ఒక్కసారి రాఘవేంద్ర ఎత్తిండు.

"నేనిప్పుడు పదమూడేండ్ల పిల్ల కాడ ఉన్న. మంచి పొడుగుంది. తర్వాత మాట్లాడ్త," అని పెట్టేసిండు.

ఆ రాత్రి కురుమూర్తికి అన్నం సయించలే. తన చెయ్యి చూసుకుంటే తనకే రోత పుట్టింది. పిల్లగాన్ని కారెక్కించి తలుపేసింది ఆ చెయ్యే.

"చెప్పినోడు ఆయనొక్కడే," అన్నది జానకమ్మ. "పోయి కాళ్లు మొక్కు. మోకాలుకు ఏదన్న దారి చెప్తడేమో."

తెల్లారి కొడుకును వెంటపెట్టుకొని వీపనగండ్లకు పోయిండు. అడుక్కుంట అడుక్కుంట ఇల్లు పట్టిండు. ముంగిట్ల ఒక ముసలామె పల్లికాయ ఒలుస్తుంది.

"గోపాలయ్య ఇల్లు ఇదేనా అమ్మా?"

"ఇదే. నా పెనిమిటే. ఇంట్ల లేడు నాయినా, మొదటి బస్సుకే పోయిండు."

"యాడికి?"

"ఉప్పునుంతలకు. ఆడ ఎవరిదో పొడుగు పిల్ల ఉన్నదంట, కారు పోయిందంట. మొన్న బల్మూరు ఊర్ల చెప్పబోతే కొట్టి పంపిన్రు. పోకుమంటే ఇనడు."

"ఎవరో పిల్లల కోసం ఆయనకెందుకమ్మా గంత ఆరాటం?"

 ముసలామె చూపు మధు కాలు మీద పడ్డది. చాట పక్కన పెట్టింది. లేచొచ్చి నేల మీద కూలబడి, ఆ ఉబ్బిన మోకాలును రెండు చేతుల పట్టుకున్నది.

"గీ పిల్లగాన్ని గూడ మా కొడుకు రాఘవేంద్రనే తోలుకపోయిండా?"