నాలుగు చక్రాలు

హగరి ఏటి నడుమ సుంకప్ప పికప్పు బండి మళ్లీ ఇసుకలో దిగబడింది.

వెనక చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి. బండి కదలడం లేదు.

బండి నిండా జొన్నలు. అవతలి ఒడ్డున గంజి కేంద్రం. పందొమ్మిది వందల యాభై రెండు కరువులో అక్కడి పిల్లలకు ముంతెడు గంజే ఆధారం.

బండి దిగబడినప్పుడల్లా సాయానికి వచ్చే బక్కమనిషి ఒకడు ఎప్పటిలాగే ఒడ్డు నుంచి వచ్చాడు. చక్రాల ముందు ఇసుక తోడి, వెనక భుజం ఆనించి తోశాడు. చాలాసేపు పెనుగులాడితే బండి ఒడ్డెక్కింది.

సుంకప్ప అతని తువ్వాలులో దోసెడు జొన్నలు పోశాడు. ఎందుకో ఆ మనిషి మీద అతనికి నమ్మకం లేదు.

తిరిగి వస్తుంటే అనుమానం గట్టిపడింది. ఆ మనిషి బండిదారిలో వంగి, పారతో తవ్వుతున్నాడు.

"ఏమప్పా, గుంత తీస్తాండావా? బండి దిగబడితే నీకు జొన్నలొస్తాయనా?"

"కాదన్నా..."

"ఆడ పిల్లోళ్లు ఆకలికి ఏడుస్తాంటే ఈడ నీకిదా పని?"

ఆ మనిషి పార తీసుకొని బండికి దారి ఇచ్చాడు.

సుంకప్ప నేరుగా అనంతపురం పోయాడు. బండ్లు బాగుచేసే యేసన్న మేస్త్రీ షెడ్డులో మిలిటరీ వాళ్లు వేలంలో అమ్మేసిన ట్రక్కు ఒకటి పడి ఉంది.

"దాని ముందు ఇరుసు నా బండికి ఎక్కించు. ముందు చక్రాలు కూడా లాగల్ల."

"ఉత్త ఇరుసుతో కాదన్నా. గేరుపెట్టె మార్చల్ల, చాసిస్ కోసి అతకల్ల. నిదానమైతాది."

"కానీలే. ఆ దొంగోని సాయం అడిగే పని తప్పితే చాలు."

బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ ఊరివాళ్లే జొన్నలు తలమీద మోసుకున్నారు.

తిరిగొచ్చిన బండి ఏరు ఆగకుండా దాటింది. ఆ మనిషి ఒడ్డునే నిలబడి ఉన్నాడు. మరీ చిక్కిపోయాడు.

"ఇంక నీతో పనిలేదప్పా. నాలుగు చక్రాలూ లాగుతాండాయి" అన్నాడు సుంకప్ప.

"మంచిదేనన్నా. గంజి టయానికి అందుతాది."

ఆ తర్వాత అతని తువ్వాలులో జొన్నలు పడలేదు.

ఎండలు ముదిరాయి. ఒక ఉదయం ఏటి నడుమ నాలుగు చక్రాలూ ఒక్కసారే కూరుకుపోయాయి. ఇంజను ఎంత మొత్తుకున్నా బండి ఇంకా కిందికే పోయింది.

సుంకప్ప కళ్లు వాటంతటవే ఒడ్డు వైపు పోయాయి. అక్కడ ఎవరూ లేరు.

గంజి కాచే నల్లమ్మ ఊరివాళ్లను వెంటబెట్టుకొని మూటలు దించడానికి వచ్చింది.

"ఆ బక్క ఆయప్ప యాడ?" అన్నాడు సుంకప్ప.

"మొన్న చచ్చిపోయినాడన్నా. ఆకలికే. ఈ దారిలోనే పడిపోయిండె."

ఆమె వంగి చక్రం పక్కన ఇసుక తోడింది. అడుగున నలిగి పొడైన ఈతమట్టలు, వరసగా.

"దినమూ పారతో తవ్వి కొత్త మట్టలు పరిచి, పైన ఇసుక కప్పుతాండె. కప్పకపోతే పొయ్యిలోకని ఎవురో ఒగరు ఎత్తుకపోతారు. మీ బండి ఈటి మిందనే దాటుతాండె."

సుంకప్ప వంగి ఒక మట్టముక్క చేతిలోకి తీసుకున్నాడు. 

"ఆయప్ప పెండ్లాం బిడ్డలు మీ ఊర్లోనే ఉండారా? నేను చూసుకుంటా."

నల్లమ్మ అతని ముఖం చూడలేకపోయింది.

"ఎవురూ లేరన్నా. మా ఊరోడు కాదని, ఒక్కనాడన్నా ఆయప్పను గంజి వరసలో నిలబడనీలేదు మేము."