బావ పచ్చ

బావ నీలిమందు తొట్టిలోంచి దుప్పటి ఎత్తి వ్యాపారి ముందు దులిపాడు. ఆకుపచ్చగా మెరిసింది.

"అచ్చంగా ఆకుల పచ్చ. కనిపెట్టింది నేనే!"

నేను నోరు మెదపలేదు. ఆ తొట్టిలోంచి తీసిన తెల్లగుడ్డ ఏదైనా ముందు పచ్చగానే ఉంటుంది, గాలి తగలగానే నీలమైపోతుంది. రంగులద్దే ఇంటికి అల్లుడిగా వచ్చి ఆ ముక్కయినా నేర్చుకోని మనిషి! ఈ ఆర్డరు పోతే మా అద్దకం షెడ్డు మూతపడుతుంది. పడనీ, ముందు వీడి పరువు పోవాలి.

దుప్పటి ఆరింది. పచ్చగానే ఉంది.

"చూశావా బామ్మర్దీ!"

అక్క వచ్చింది. ఆమె గోళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి.

"దానిమ్మ తొక్కల పసుపురంగులో నేనే ముందు ముంచి ఉంచానండీ, దానిమీద నీలం పడి పచ్చయింది," అంది వ్యాపారితో. "ఆర్డరు నా పేర రాయండి. ఈయనకు తెలీదు, వీడు తెలిసినా చెప్పడు."